డిమ్ అంటే నామోషీ

కొత్త బండి కొన్న కుర్రవాళ్ళు మొదటి వారంలోనే కనిపెట్టే అన్యాయం ఒకటుంది. బండి ముందు దీపాలు రెండుంటాయి, వెలిగేది మాత్రం ఒకటే. రెండోది బ్రైట్ వేస్తేగానీ వెలగదు. కొన్ని బళ్ళలో అయితే బ్రైట్ వేయగానే ఇది వెలిగి అది ఆరిపోతుంది. రెండు దీపాలకు డబ్బు కట్టించుకుని ఒకదాని వెలుగే ఇస్తున్నారన్నమాట. షోరూములో అడిగితే "డిజైనే అంత సార్" అంటారు. బండితో ఇచ్చిన పుస్తకం తిరగేస్తే బొమ్మ వేసి మరీ అదే రాసి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? "బాబూ, నీ లైటు ఒకటి పోయినట్టుంది, చూసుకో" అని సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి పెద్దమనిషీ చెబుతాడు. లక్షన్నర పోసి కొన్న బండికి ఒంటికన్ను అని పేరొస్తే ఎంత నామోషీ!

ఒకే దీపం ఉన్న బండివాళ్ళ బాధ వేరు. వాళ్ళ బల్బు లోపల తీగలు రెండు: డిమ్ముకొకటి, బ్రైట్‌కొకటి. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఖాళీగా కూర్చుంటుంది. మన డబ్బు తిన్న తీగ మన కళ్ళముందే ఖాళీగా కూర్చుంటే ఎవరు మాత్రం సహిస్తారు?

ఈ ఇద్దరి కోసమే ఈ సలహాలు. రెండూ ఎప్పుడూ వెలిగి ఉండేలా ఎలా చేయించుకోవాలో, చేయించుకున్నాక వచ్చే చిన్నచిన్న ఇబ్బందులను నలుగురిలో గొప్పగా ఎలా చెప్పుకోవాలో వివరిస్తాను. ఇంజినీర్లు చదవనక్కర్లేదు. వాళ్ళకు ఇప్పటికే చాలా తెలుసు, ఆ తెలియడం వల్లే ఇంత గొడవ వచ్చింది.

అన్నిటికంటే ముందు, బల్బు లోపల ఏముందో చూడకండి. చూస్తే మనసు మారే ప్రమాదం ఉంది. హెచ్4 అనే బల్బుగానీ, మన మామూలు బళ్ళలో ఉండే 35/35 వాట్ల హెచ్ఎస్1 బల్బుగానీ చేత్తో పట్టుకుని వెలుగుకు ఎదురుగా పెడితే డిమ్ తీగ కింద చిన్న రేకు డొప్ప ఒకటి కనిపిస్తుంది. ఆ తీగ నుంచి కిందికి పోయే వెలుగును ఆ డొప్ప ఆపేస్తుంది. దానివల్ల రిఫ్లెక్టర్ పై సగం మీదే వెలుగు పడుతుంది, అక్కడ తగిలి కిందికి, అంటే రోడ్డు మీదికి దిగుతుంది. ఎదుటివాడి కళ్ళలోకి పోదు. బ్రైట్ తీగకు ఆ డొప్ప లేదు. అది రిఫ్లెక్టర్ నాభి దగ్గర కూర్చుని అద్దం మొత్తాన్నీ వాడుకుని తిన్నగా దూరానికి కొడుతుంది. ఇంత చిన్న గాజుబుడ్డిలో ఒక తీగకు డొప్ప పెట్టి, ఇంకోదానికి తీసేసి, రెండూ కలిసి వెలగకుండా స్విచ్ పెట్టినవాడు ఏదో ఆలోచించే పెట్టి ఉంటాడని మీకు అనిపించవచ్చు. అందుకే చూడొద్దన్నాను.

రెండు తీగలూ కలిపి వెలిగిస్తే వెలుగు రెట్టింపవుతుందని అందరూ అనుకుంటారు. వెలుగు పెరిగే మాట నిజమే, పెరిగేది మాత్రం ఎక్కువగా ముందు చక్రానికి దగ్గర్లోనే. దూరం సంగతి బ్రైట్ తీగ ఒక్కటే చూసుకుంటుంది, డిమ్ తీగకు అక్కడిదాకా పోయే శక్తి లేదు. పైగా దగ్గరి రోడ్డు అంత తెల్లగా మెరుస్తుంటే కంటిపాప ముడుచుకుంటుంది. దాంతో దూరాన ఉన్న చీకటి మునుపటికంటే చిక్కగా కనిపిస్తుంది. దూరం ఎవరికి కావాలి చెప్పండి? గుంత ఎలాగూ దగ్గరికొస్తుంది కదా, వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు. రోడ్డు పక్కన పడుకున్న గేదె, వెనక దీపం లేని చెరుకు ట్రాక్టరు, వడ్లు ఆరబోసిన చోట అడ్డంగా పెట్టిన బండరాళ్ళు, ఇవన్నీ ముందే కనిపించి ఆందోళన పడేకంటే చివరి క్షణంలో పలకరిస్తేనే ప్రయాణం రసవత్తరంగా ఉంటుంది.

ఇక పని. హోల్డర్‌కు మూడు వైర్లు వస్తాయి: ఎర్తు, డిమ్ము, బ్రైటు. డిమ్మునూ బ్రైటునూ ముక్క వైరుతో కలిపేసి పైన టేపు చుట్టేస్తే పని అయిపోయింది. ఏ రంగు వైరు దేనికన్నది కంపెనీకొక రకంగా ఉంటుంది. వైరింగ్ బొమ్మ అడగకండి, ఊహించండి. ఎర్తును తెచ్చి కలిపినా వెంటనే తెలిసిపోతుంది, పొగ వస్తుంది. సరిగ్గా కలిస్తే హ్యాండిల్ మీది డిమ్-బ్రైట్ స్విచ్‌కు పని పోతుంది. ఎటు నొక్కినా రెండూ వెలుగుతూనే ఉంటాయి. దాన్ని పీకేయకండి, ఊసుపోక నొక్కుకోవడానికి పనికొస్తుంది. మీటరులో నీలం దీపం ఒకటి ఇక ఎప్పటికీ ఆరదు. బ్రైట్ వేసి ఉంది, ఎదురుగా ఎవరైనా వస్తే తగ్గించు అని గుర్తుచేయడానికి పెట్టిన దీపం అది. రాత్రంతా అలా గుర్తుచేస్తూ ఉంటే చికాకు. నల్ల టేపు ముక్క ఒకటి దాని మీద అంటించండి.

పాస్ స్విచ్ నొక్కినప్పుడు చాలా బళ్ళలో రెండు తీగలూ కలిసి వెలుగుతాయి. ఇది మన వాదనకు పెద్ద అండ. కంపెనీవాడు క్షణం సేపు ఒప్పుకున్నదాన్ని మనం కోదాడ నుంచి చౌటుప్పల్ దాకా ఒప్పిస్తున్నాం, అంతే తేడా.

ఎలక్ట్రీషియన్ను ఎంచుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. ఈ వృత్తిలో ప్రమాదకరమైన మనుషులున్నారు. వాళ్ళను గుర్తుపట్టడం తేలిక. బండి స్టాండు వేయగానే మల్టీమీటరు తీస్తారు. వైరు ఎంత సన్నమో గోటితో చూస్తారు. ఆ తర్వాత సంభాషణ ఇలా నడుస్తుంది.

"అన్నా, రెండూ ఎలగాలె. ఎప్పటికీ."

"ఎందుకు తమ్మీ? ఒక్క బల్బుల రెండు తీగలు ఒక్కసారి ఎలిగిస్తే హోల్డర్ కాలుతది."

"అందరూ ఏసుకుంటున్నరన్నా."

"ఏసుకున్నోళ్ళంత మల్ల నా కాడికే వస్తున్నరు. దీపాలు రెండు అలగ్ అలగ్ ఉన్న బండైతే చేస్తగని, బ్యాటరీ కాడికెంచి మందం వైరు గుంజాలె, రిలే ఎయ్యాలె, నడుమ ఫ్యూజు పెట్టాలె. డిమ్ము కొడితే డిమ్మే రావాలె. అట్లైతే చేస్త, లేకుంటే వద్దు."

ఈ మాటలు వినగానే లేచి వచ్చేయండి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే డబ్బా. హ్యాండిల్ స్విచ్ మీద భారం పడకుండా, దీపానికి కావలసిన కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి పోయేలా చేస్తుంది. రిలేకు డబ్బు, వైరుకు డబ్బు, పని చేసినందుకు డబ్బు. ఇవన్నీ పెట్టాక కూడా డిమ్ము డిమ్ముగానే ఉండాలంటాడు! మనం వచ్చిన పనేమిటి, అతను చేస్తానంటున్న పనేమిటి? మనకు కావలసింది పళ్ళతో వైరు ఒలిచేవాడు, టంకం మాటే ఎత్తనివాడు, "రెండు నిమిషాల పని, టీ తాగి రండి" అనేవాడు. అలాంటివారికి ఏ ఊళ్ళోనూ కొదవ లేదు.

ఈ పనికి ఫ్యూజు పెద్ద శత్రువు. కరెంటు హద్దు దాటగానే తాను కాలిపోయి వైర్లను కాపాడటం దాని ఉద్యోగం. మనం హద్దు దాటించడానికే బయల్దేరాం కనుక అది పదేపదే కాలిపోతుంది. ఊళ్ళలో దీనికి ఏనాటి నుంచో మందుంది. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ నాలుగు చుట్లు చుట్టడం. సిగరెట్టు పెట్టెలోని మెరుపు కాగితం వాడే సంప్రదాయమూ ఉంది. ఇకమీదట ఫ్యూజు కాలదు. అది కాలాల్సిన సమయానికి వైరింగ్ కిట్టు కాలుతుంది. పది రూపాయల ఫ్యూజు కోసం మాటిమాటికీ షాపుకు తిరిగే బాధ తప్పి, ఒకేసారి పెట్రోలు ట్యాంకు కిందనుంచి పోయే కిట్టు మొత్తం మార్పించుకోవచ్చు. ట్యాంకు అనగానే కొందరు భయపడతారు. అలాంటివారు చదవడం ఇక్కడే ఆపేయండి.

లెక్కలు ఇష్టమైనవాళ్ళు ఎలాగూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 60/55 వాట్ల బల్బులో రెండు తీగలూ వెలిగితే 115 వాట్లు. 12 వోల్టుల మీద అది 9.6 ఆంపియర్లు. బ్రైట్ ఒక్కటే అయితే అయిదు. వైరులో పుట్టే వేడి కరెంటుతో పాటు అంతే పెరగదు, కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. అయిదు ఆంపియర్ల కోసం వేసిన సన్నటి వైరు, దాని చివర ప్లాస్టిక్ హోల్డరు, హోల్డరు లోపల తుప్పు పట్టిన ఎర్తు ముక్క, ఇవన్నీ ఆ వేడిని పంచుకోవాలి. చిన్న బళ్ళలో బ్యాటరీ మూడు, నాలుగు ఆంపియర్ అవర్లకు మించదు. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు మాగ్నెట్ కాయిల్ ఇచ్చేది తక్కువ, దీపాలు అడిగేది ఎక్కువ. ఆ లోటంతా బ్యాటరీ పూడ్చాలి. లోటు మొత్తం దాని మీదే పడితే నాలుగు ఆంపియర్ అవర్ల బ్యాటరీ అరగంట కూడా నిలవదు.

అయితే ఏం, తోసుకుంటూ స్టార్ట్ చేయవచ్చు అంటారు పాతకాలంవాళ్ళు. పాపం, వాళ్ళకు తెలియదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బళ్ళలో చాలావాటికి కార్బురేటర్ లేదు. పెట్రోలు పంపు, ఇంజెక్టరు, దాన్ని నడిపే కంప్యూటరు అన్నీ కరెంటు మీదే బతుకుతాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చిందంటే గుట్ట మీదనుంచి తోసినా స్టార్ట్ కాదు. కొన్ని బళ్ళకు కిక్కు రాడ్డు కూడా ఇవ్వడం లేదు. కాబట్టి తోసే శ్రమ మానుకుని, హ్యాండిల్ పట్టుకుని హాయిగా నడుచుకుంటూ వెళ్ళండి. నడక మంచిదని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు.

పాత బండి ఉన్నవాళ్ళకు ఒక ప్రత్యేక అదృష్టం ఉంది. వాళ్ళ హెడ్‌లైటు చాలావరకు బ్యాటరీ నుంచి కాక నేరుగా కాయిల్ నుంచి వెలుగుతుంది. రేజ్ ఇస్తే వెలుగు, తగ్గిస్తే గుడ్డిదీపం, ఆ బండి నడిపినవారికి తెలిసిందే. ఆ కాయిల్ ఇవ్వగలిగింది ఇంతే అని కొలిచి చుట్టారు. దాని మీద రెండు తీగలూ కలిపితే ఒకరికి వండిన అన్నం ఇద్దరికి వడ్డించినట్టవుతుంది, ఇద్దరి కడుపూ నిండదు. ఫిలమెంటు బల్బు స్వభావం ఏమిటంటే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు ముప్ఫై శాతం దాకా పడిపోతుంది. అంటే ఆ బళ్ళలో రెండూ వెలిగిస్తే వచ్చే మొత్తం వెలుగు ఒకటి వెలిగినప్పటి కంటే తక్కువ కావచ్చు. రెండు తీగలు ఎర్రగా, నిస్త్రాణగా మినుకుమంటుంటాయి. ఎదుటివారికి ఇబ్బంది లేదు, మనకూ ఏమీ కనిపించదు. ఇంత సమానత్వం ఈ వ్యాసంలో ఇంకెక్కడా దొరకదు.

వేడి గురించి ఇంకో మాట. హాలోజన్ బల్బు గాజు ఎంత వేడెక్కాలో కూడా లెక్క వేసే చేస్తారు, ఒక తీగ వెలుగుతుందన్న లెక్క మీద. రెండూ వెలిగితే ఆ లెక్క తప్పుతుంది, బల్బు ఆయుష్షు తరిగిపోతుంది. ఇంకా త్వరగా పోవాలంటే కొత్త బల్బును గ్రీజు చేతులతో బాగా తడిమి మరీ బిగించండి. వేలి జిడ్డు అంటిన చోట గాజు మిగతా చోట్ల కంటే ఎక్కువ వేడెక్కి బీటలు వారడమో, ఉబ్బడమో జరుగుతుంది. కంపెనీవాళ్ళు డబ్బా మీద "గాజును ముట్టుకోవద్దు" అని బొమ్మ వేస్తారు. ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకోకుండా ఉండే జాతి కాదు మనది. కొన్నాళ్ళకు రిఫ్లెక్టర్ లోపలి వెండిపూత నల్లబడి పొక్కులు లేస్తుంది, పోయినచోట వెలుగు తిరిగి రాదు. ప్లాస్టిక్ డోమ్ పసుపెక్కుతుంది. హోల్డరు కరిగేటప్పుడు వచ్చే వాసన మొదట చేపల మార్కెట్టు దగ్గరికి వచ్చామేమో అనిపిస్తుంది. మార్కెట్టు దాటి చాలా దూరం వచ్చాక కూడా వస్తోందంటే అది మీదే.

ఇంత చేసినా తృప్తి లేనివారు కోఠి పక్కన పుత్లీబౌలికో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్ళి 100/90 బల్బు అడగండి. 35/35 ఉండాల్సిన చోట 100/90 పెట్టి రెండు తీగలూ కలిపితే 190 వాట్లు, దాదాపు 16 ఆంపియర్లు. బల్బు పీఠం సరిగ్గా పట్టదు, ఆకురాయితో అరగదీస్తే పడుతుంది. అరగదీసిన బల్బు నాభి దగ్గర కూర్చోదు, కాబట్టి వెలుగు కొంత చింతచెట్టు కొమ్మల మీదికి, కొంత మేడమీద ఆరేసిన బట్టల మీదికి పోతుంది. రోడ్డు తప్ప ఊరంతా కనిపిస్తుంది. హాలోజన్ వద్దు, ఎల్ఈడీ ముద్దు అనేవారికి హాలోజన్ రిఫ్లెక్టరులోకే దూర్చే ఎల్ఈడీ బల్బులు దొరుకుతాయి. ఆ రిఫ్లెక్టర్ గీసింది సన్నటి తీగ ఒకచోట ఉంటుందన్న నమ్మకంతో. దాని బదులు పలక మీద చిప్పులు అతికించి పెడితే డిమ్ము గీత చెదిరిపోయి వెలుగు నలుదిక్కులా చిమ్ముతుంది. ఎదుటివాడికి తెల్లగా, నీలంగా, చాలా ఖరీదుగా కనిపిస్తుంది. మీకు కాదు, ఎదుటివాడికి. డబ్బు పెట్టేది మనం, అనుభవించేది వాడు. ఇంతకంటే త్యాగం ఏముంది?

ఎదుటివాడి ప్రస్తావన వచ్చింది కాబట్టి అతని గురించి కొంచెం మాట్లాడుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వది అతని కోసమే రాశారు. దీపానికి 8 మీటర్ల దూరంలో, కొద్దిగా కుడిపక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదని అందులో ఉంది. మీటరున్నర ఎత్తు అంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? సుమారుగా బండి మీద కూర్చున్న మనిషి కళ్ళు, సైకిలు తొక్కే మనిషి కళ్ళు. ఎవరో ఢిల్లీలో కూర్చుని మన పక్క ఊరి పాలవాడి కంటి ఎత్తు కొలిచి నియమం రాశారు. మనం అదే కొలత పట్టుకుని గురి చూస్తే సరిపోతుంది.

గురి తగిలితే ఏమవుతుంది? చీకటికి అలవాటు పడి విప్పారిన కంటిపాపలోకి ఒక్కసారి అంత వెలుగు పోతే కళ్ళు బైర్లు కమ్ముతాయి. మన బండి దాటిపోయాక కూడా మళ్ళీ రోడ్డు కనబడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. వయసు మళ్ళినవారికి ఇంకా ఎక్కువ. శుక్లాలు ఉన్నవారికైతే కంటిలోని కటకమే మసకబారి ఉంటుంది, వచ్చిన వెలుగును అది లోపలంతా చెదరగొట్టి కళ్ళముందు తెల్లటి తెర దించేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు ఏమీ కనబడకపోతే 50 మీటర్లు గుడ్డిగా నడిచినట్టు. మనకు దానితో పని లేదు, ఒక్క చిన్న విషయం తప్ప. ఆ 50 మీటర్లు అతను వస్తున్నది మనవైపే. మధ్యలో డివైడరు లేని సింగిల్ రోడ్డు మీద, ఎడమ అంచు ఎక్కడుందో తెలియక, రోడ్డు నడుమకు జరుగుతూ వస్తాడు. మనం పెట్టిన రెండు దీపాలే అతనికి కనిపించే ఏకైక వస్తువు, కాబట్టి వాటివైపే వస్తాడు. కావాలనుకున్నది ఇదే కదా, అందరి చూపూ మన మీదే ఉండాలని.

లారీ డ్రైవర్ల సంగతి. లారీ వెనక "హారన్ ప్లీజ్" కింద "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసి ఉండటం మన తాతల కాలం నుంచీ చూస్తున్నాం. రాత్రి రోడ్డు మీద ముక్కూమొహం తెలియని ఇద్దరు డ్రైవర్లు మాట్లాడుకోవడానికి ఉన్నది ఆ ఒక్క స్విచ్చే. ఒకడు డిప్పర్ కొడతాడు, రెండోవాడు డిమ్ము వేస్తాడు, ఇద్దరూ దాటిపోతారు. మళ్ళీ జన్మలో కలవరు. అయినా ఒకరికొకరు ఆ మర్యాద చేసుకుంటారు. మన స్విచ్‌కు పని పోయింది కాబట్టి మనం బదులు చెప్పలేం. ఎదురు లారీ ఒకసారి కొడితే పలకరింపు అనుకోండి. రెండోసారి కొడితే మీ బండికి సెల్యూటు. మూడోసారి కొట్టి, ఇక విసిగి, తన బ్రైట్లూ క్యాబిన్ పైనున్న నాలుగు ఫోకస్ లైట్లూ కలిపి వేశాడనుకోండి, అప్పుడు మీ 115 వాట్లు ఎంతటివో మీకే తెలుస్తుంది. ఆ క్షణంలో కళ్ళు మూసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. వేగం తగ్గించమని చెప్పడం నా వ్యాసం ఉద్దేశానికి విరుద్ధం.

పగలు కూడా దీపం ఎందుకు వెలుగుతోందని అడిగేవారికి సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు దానంతటదే వెలగాలన్న నిబంధన వచ్చింది, ఆర్పే స్విచ్ తీసేశారు. మొదట్లో రోడ్డు పక్క నిలబడ్డ ప్రతివారూ గుప్పిట మూసి తెరిచి "లైటు! లైటు!" అని అరిచేవారు. ఇప్పటికీ అరిచే అమ్మమ్మలు ఉన్నారు, వాళ్ళ ప్రేమకు దండం. ప్రభుత్వం ఒక దీపం పగలు కూడా వెలగాలంటే మనం రెండూ వెలిగించాం. అడిగినదానికి రెట్టింపు పన్ను కట్టినవాడిని సన్మానిస్తారా, జరిమానా వేస్తారా అని వాదించవచ్చు. జరిమానానే వేస్తారు. మోటారు వాహన చట్టంలో 2019లో సవరించిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని రీతిలో బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట గమనించండి. వైరు కలపడం ఒకటి, 100/90 బల్బు ఒకటి, రాగి తీగ ఇంకొకటి అని ఎస్సై గారు వేళ్ళు మడవడం మొదలుపెడితే, అవన్నీ కలిసి ఒకే బుద్ధితక్కువ పని అని, కాబట్టి ఒకే మార్పుగా లెక్కించాలని మనవి చేసుకోండి.

వారంటీ సంగతి మరచిపోండి. కోసిన వైరు చూడగానే సర్వీస్ సెంటరువాడు మొహం తిప్పుకుంటాడు. బండి కాలితే ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి మొదట చూసేది కంపెనీ వేయని టేపు ఎక్కడుందా అనే.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బండి మీద బయల్దేరేవారికి ఒక చిట్కా. ఆ రోజుల్లో తెల్లవారుజామున సూర్యాపేట దాటాక పొగమంచు పట్టవచ్చు. మంచులో బ్రైట్ వేస్తే నీటి బిందువులకు తగిలి వెలుగంతా వెనక్కి, మన కళ్ళలోకే వస్తుంది. డిమ్ము అయితే కిందికి దిగి రోడ్డు కొంతైనా చూపిస్తుంది. మనకు డిమ్ము లేదు. ముందు తెల్లటి గోడ లేచి నిలబడుతుంది, దాని వెనక ఏముందో ఆ దేవుడికి ఎరుక. ఇన్నాళ్ళూ ఎదుటివాడు అనుభవించినది ఆ ఒక్క గంట మనకూ దక్కుతుంది. పండగ పూట ఇంతకంటే సమన్యాయం ఉండదు.

మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే పిసినారులు కొందరుంటారు. వెలుగు చాలడం లేదంటే వాళ్ళు చెప్పే వైద్యం వినండి. హెడ్‌లైటు అద్దం మీది దుమ్ము, పురుగులు తుడవమంటారు. దసరాకు పెట్టిన గంధం, కుంకుమ బొట్లు నిరుడు పెట్టినవి అలాగే ఉన్నాయి, వాటిని కూడా కడగమంటారు. ఎర్తు వైరు విప్పి తుప్పు గీకి మళ్ళీ బిగించమంటారు. పాత బల్బు నల్లబడితే అదే వాట్లది కొత్తది వేయమంటారు. తర్వాత గోడకు ఎదురుగా బండి నిలబెట్టి, మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందినీ ఎక్కించి, వెలుగు ఎత్తు చూసి స్క్రూ తిప్పుకోమంటారు. ఎందుకంటే వెనక భార్యా, ఇద్దరు పిల్లలూ, ఊరి నుంచి తెస్తున్న బియ్యం సంచీ ఎక్కితే వెనక షాకబ్జార్లు కుంగి, డిమ్ము కూడా ఆకాశం వైపు చూస్తుందట. రెండు దీపాల బండిలో ఒకటే వెలిగితే అది లోపం కాదు, అడిగినవారికి అలా చెప్పి ఊరుకోమంటారు. ఈ మొత్తానికి ఖర్చు ఒక గుడ్డముక్క, ఒక బల్బు. ఇందులో ఇంటిపక్కవాడికి చూపించుకోవడానికి ఏముంది? పైగా ఇదంతా చేస్తే చాలాసార్లు వెలుగు నిజంగానే సరిపోతుంది, అప్పుడు బండికి ఏదో ఒకటి చేయించాలన్న కోరికే పోతుంది.

ఈ సలహాలు పాటించి రెండు దీపాలూ వెలిగించుకున్న సోదరులకు ఒక విన్నపం. ఏ రాత్రి, ఏ దారిలో బయల్దేరుతున్నారో ముందుగా ఒక్క మాట చెప్పండి. నా కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయని డాక్టరు గారు అన్నారు, ఆపరేషను ఇంకా కాలేదు. ఆ రోజు నేను బండి తీయకుండా బస్సులో పోతాను.